నలభై సెంటీమీటర్లు

ల్యాబ్ కాగితం ఉదయం పదకొండుకి వచ్చింది.
మాంగనీసు: మూడు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ ఎనిమిది.
మళ్ళీ రెండు. ఆ తర్వాత అన్నీ ఒకటిలోపే.
ఇరవై అయిదు రావాలి.
వస్తుందని నేనే చెప్పాను,
మార్చిలో, సిరిపురం ఆఫీసులో, ఏసీ కింద,
మ్యాపు మీద ఎర్ర పెన్సిల్ పెట్టి, బల్ల గుద్ది.

మర్రిపాలెం షెడ్డులో ఇప్పుడు
ఆరో బోరు ముప్పై అయిదు పెట్టెల్లో పడుకుని ఉంది,
పద్మనాభం అవతలి కొండవాలు కడుపులోంచి వచ్చిన రాయి,
అనకాపల్లి చెరుకు గడలా కణుపు కణుపుకీ విరిగి.
నూకరత్నం నీళ్ళు చల్లితే
గార్నెట్లు దానిమ్మ గింజల్లా తేలతాయి.
ఎంత అందమైన రాయో.
అందానికి టన్నుకింతని ఎవరూ ఇవ్వరు.

షెడ్డు వెనక గూడ్సు వెళ్తోంది,
కిరండూల్ నుంచి పోర్టుకి, వ్యాగన్ల నిండా ఇనపరాయి.
లెక్కపెట్టకూడదనుకుంటూనే యాభై ఎనిమిది లెక్కపెట్టాను.
ఎవరికో తగిలింది.
ఎప్పుడో ఎవరో సరైన చోట గీత గీశారు.

సాకులు నాకూ తెలుసు.
పొరలు ఆగ్నేయానికి వాలితే
మేమూ ఆగ్నేయానికే దించాం,
పుస్తకాన్ని గుచ్చబోయి
పేజీల మధ్య సూది దోపినట్టు.
అవతలి వైపు జీడితోట. పూత మీదుంది,
రిగ్గు దించనివ్వమన్నారు. వాళ్ళ తప్పు కాదు.

ఇక ఇరవై ఎనిమిదో పెట్టె.
నూట తొమ్మిది మీటర్ల ఇరవై నుంచి నూట తొమ్మిది అరవై దాకా
రాయి లేదు. ఆ చోట ఒక చెక్కముక్క,
దాని మీద మార్కరుతో గవరయ్య చేతిరాత: లాస్.
తడికి సిరా కొంచెం పాకింది.

"ఆ తావున నీరు నల్లగొచ్చినాదమ్మా," అన్నాడు కిల్లి గవరయ్య,
చెవి మీది బీడీ తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకుంటూ.
ఎంతసేపు?
"ఎంతసేపేటి... రెండు గుక్కలు టీ తాగినంత."
మరి అప్పుడే చెప్పలేదేం?
"రాతిరి రెండయినాది. నువ్వు నేవు గదా."

నేను లేను. మధురవాడలో ఫ్యాను కింద నిద్రపోతున్నాను.
మెత్తటి ఖనిజం బిట్టు కింద నుజ్జయి నీళ్ళలో పోతుంది, నిజం.
మెత్తటి మట్టీ అలాగే పోతుంది, అదీ నిజం.
ఆ నలుపు గ్రాఫైటుది కావచ్చు. డీజిలుది కావచ్చు.
నిద్ర చాలని కళ్ళదీ కావచ్చు.
ఎవరూ సీసాలో పట్టలేదు.
బురదగుంటలో చూద్దామంటే సోమవారం వాన.

నూట ముప్పై తొమ్మిది మీటర్ల అరవై
కళ్ళెదుట ఉంది, తూచి, కోసి, నంబరు వేసి.
దాన్ని చూడబుద్ధి కాదు.
పన్ను ఊడిన చోటికే నాలుక పోయినట్టు
నా వేలు ఆ ఖాళీలోకే పోతోంది.

పెనుమత్స వారు ఫోన్ చేశారు.
"ప్రోత్సాహకరం అని ఒక్క మాట పడితే చాలమ్మా,
ఏడో బోరుకి డబ్బు నేను తెస్తాను."
మంచివారే. రుషికొండ వైపు స్థలం అమ్మి ఈ ఆరూ వేయించారు.
ఆ స్థలం ఇప్పుడెంత పలుకుతోందో నా ముందు ఎప్పుడూ అనలేదు.

లేదు అని రాయడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.
దొరకలేదు అని రాస్తే ఆయన ఇంకో స్థలం అమ్ముతారు.
ఆ రెండు మాటల మధ్య కూర్చుని
మూడుసార్లు టీ తాగాను.

చివరికి ఇలా రాశాను:
నూట తొమ్మిది ఇరవై నుంచి అరవై వరకు కోరు రాలేదు.
నీరు నల్లబడిందని డ్రిల్లరు నోటిమాట. నమూనా లేదు.
సిఫార్సు:
అక్కడ ఆగిపోయాను.

సాయంత్రం నూకరత్నం మూతలు వేస్తోంది.
ఇరవై ఎనిమిది దగ్గర ఉండమన్నాను.
చెక్కముక్క ఎత్తితే అడుగున, మూలకి,
గోరంత నలుపు.
వేలు అద్దాను. వేలు నల్లబడింది.
బొటనవేలితో రుద్ది వెలుతురులో పట్టుకుంటే
ఆమె వంగి చూసి, నవ్వకుండా,
"మార్కరు సిరా అమ్మా అది," అంది.

అయ్యుండొచ్చు.
బస్సులో ఇంటిదాకా
ఆ చెయ్యి దేనికీ తగలకుండా పట్టుకున్నాను.